సదయ్య పిండి చేసిన సముద్రం

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో తప్పు ఎవరిదో నాకు ఈ రోజు వరకూ తేలలేదు. తేల్చేవాళ్లు మా గోదావరిఖనిలో బోలెడుమంది ఉన్నారు. వాళ్లను అడిగితే చాయ్ చల్లారేలోపు తీర్పు చెప్పి లేచిపోతారు. నన్నడిగితే మాత్రం జరిగింది జరిగినట్టు చెబుతాను. నడుమ నడుమ నాకు కోపం వస్తుంది, ఓర్చుకోవాలి.

నా పేరు వీరేందర్. బొగ్గు గనుల కంపెనీ లాబ్‌లో ఇరవై రెండేళ్లు బొగ్గు పరీక్షించి బయటికొచ్చాను. బస్టాండు వెనక రెండు గదులు తీసుకుని సొంతంగా చిన్న లాబ్ పెట్టుకున్నాను. ఇటుక బట్టీల వాళ్లు, లారీల వాళ్లు సంచుల్లో బొగ్గు తెస్తారు. అందులో తడి ఎంత, బూడిద ఎంత, మండితే వేడి ఎంత అని చూసి కాగితం రాసిస్తాను. నా ఆస్తి ఒక ఓవెన్, బొగ్గును పిండి చేసే ఒక మిల్లు, నాలుగు జల్లెడలు. వీటన్నింటికంటే విలువైనవాడు సదయ్య అన్న. రిటైరయ్యాక ఇంట్లో పొద్దుపోక నా దగ్గరికి వచ్చాడు.

ఆయన కంపెనీలో ముప్పై ఒక్క ఏళ్లు శాంపిల్ మజ్దూరు. ఆ పని బయటివాళ్లకు తెలియదు కాబట్టి చెప్పాలి. లారీ నిండా ఉన్న బొగ్గును ఎవరూ కాల్చి చూడలేరు కదా. అందుకని ఇక్కడో పార, అక్కడో పార తీసి, నలగ్గొట్టి, కలిపి కుప్ప పోస్తారు. కుప్పను చదును చేసి, అడ్డంగా ఒక గీత, నిలువుగా ఒక గీత గీసి నాలుగు పాళ్లు చేస్తారు. ఎదురెదురు పాళ్లు రెండు ఉంచి తక్కిన రెండూ పారేస్తారు. మిగిలినదాన్ని మళ్లీ నలిపి, మళ్లీ కుప్ప పోసి, మళ్లీ నాలుగు పాళ్లు. అట్లా చేస్తూ పోతే లారీ బొగ్గు చివరికి గుప్పెడు పిండి అవుతుంది. ఆ పిండి ఏం చెబితే లారీ బొగ్గంతా అదే.

ఈ పనికి ఒక్కటే నీతి. చెయ్యి ఏరకూడదు. పారకు రాయి వస్తే రాయి, మట్టి వస్తే మట్టి. మెరిసే గడ్డను చూసి చేత్తో తీసి కుప్పలో వేశావా, అది దొంగ శాంపిల్. సదయ్య అన్న ఈ నీతిని పనిలోనే ఉంచి ఊరుకోలేదు, ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. బజారులో వంకాయలు ఏరడు. అమ్మేవాడు తట్టలో నుంచి ఎన్ని తోస్తే అన్నీ సంచిలో పోయించుకుని వస్తాడు, పుచ్చులతో సహా. “ఏరుడు రాదా నీ చేతులకు? ఏం మనిషివయ్యా!” అని లస్మవ్వ వదిన తిట్టి తిట్టి చివరికి ఆయన్ను కూరగాయలకు పంపడమే మానేసింది. మేం నవ్వుకునేవాళ్లం. ఎందుకట్లా చేస్తాడని ఎవరమూ అడగలేదు.

ఇక జూహీ. సదయ్య అన్న ఇంటి పక్కనే ఉండే గులాం అలీ భాయ్ కూతురు. భాయ్ డంపర్ మెకానిక్. ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోతే జూహీని సైకిల్ మీద కూర్చోబెట్టుకుని స్కూల్లో దింపింది సదయ్య అన్నే. ఆ పిల్ల ఇప్పుడు సముద్రపు ఒడ్డున ఎక్కడో ఒక పెద్ద పరిశోధన సంస్థలో డాక్టరేట్ చేస్తోంది. మొన్న మే నెలలో వాళ్లమ్మ రబియా బీకి కరీంనగర్ దవాఖానలో మోకాలి ఆపరేషన్ పెట్టుకున్నారు. జూహీ నలభై రోజులకని ఇంటికొచ్చింది. పని ఆగిపోతుందని ఒక మైక్రోస్కోపు, ఇరవై నాలుగు పాకిట్ల మట్టి వెంట తెచ్చుకుంది. బంగాళాఖాతం అడుగున ఓడ మీది నుంచి గొట్టం దింపి తీసిన మట్టి అది. అంత దూరం పోయి మట్టి తేవడమేంటో నాకు అప్పుడే అర్థం కాలేదు.

ఒక ఆదివారం సదయ్య అన్నా నేనూ వాళ్లింటికి పోయాం. వరండాలో కూలర్ ముందు కూర్చుని ఆ పిల్ల మైక్రోస్కోపులో కళ్లు పెట్టి, తడి కుంచెతో ఏదో ఏరుతోంది.

“ఏం చేస్తున్నవ్ బిడ్డా?” అన్నాడు సదయ్య అన్న.

“ఇరవై వేల ఏండ్ల కింద సముద్రం ఎంత వేడిగుండెనో చూస్తున్న కాకా. అప్పుడు భూమి మీద మస్తు మంచు ఉండె. మంచు యుగం అంటరు.”

“అప్పుడు థర్మామీటర్ పెట్టినోడు ఎవడు?” అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

జూహీ నవ్వింది. నవ్వి, ఓపికగా చెప్పింది. సముద్రం పైనీళ్లలో ఇసుక రేణువంత జీవాలు తేలుతుంటాయట. నీళ్లలోని సున్నం తీసుకుని గవ్వ కట్టుకుంటాయి. నీళ్లు వేడిగా ఉంటే ఆ గవ్వలోకి మెగ్నీషియం కాస్త ఎక్కువ చేరుతుంది, చల్లగా ఉంటే తక్కువ. జీవం చచ్చి అడుగుకు పోతుంది, మీద మట్టి పేరుకుంటుంది. వేల ఏళ్ల తర్వాత ఆ గవ్వను కరిగించి మెగ్నీషియం ఎంతో చూస్తే, అది బతికిన నాటి నీళ్ల వేడి తెలుస్తుందట.

“మరి ఎంత చల్లగుండెనట?” అన్నాను.

“ఇప్పటికంటె రెండో మూడో డిగ్రీలు తక్కువ.”

లోపల మంచం మీద నుంచి గులాం అలీ భాయ్ అరిచాడు. “అరే, మూడు డిగ్రీలకు ఓడ ఎక్కాల్నా? మన దగ్గర పొద్దుగాల ముప్పై, పగటీలి నలభై ఆరు!”

“అబ్బా, అది పూటపూటకు మారే వేడి. నేను చెప్పేది సముద్రం సముద్రమే వేల ఏండ్లు చల్లగ ఉన్నది.”

అక్కడితో ఆపినా బాగుండేది. కంప్యూటర్ సంగతి కూడా చెప్పింది. పెద్ద కంప్యూటర్లో భూమినంతా గళ్లు గళ్లుగా చేసి, ఇంత మంచు, ఇంత గాలి అని పోస్తే, అప్పటి సముద్రం వేడి అదే లెక్కగట్టి చెబుతుందట. “లెక్క అదే చెప్తుంటె మట్టి ఎందుకు మరి?” అన్నాను. రేపటి ఎండలు ఎట్లుంటాయో కూడా ఆ కంప్యూటరే చెబుతుంది, దాని మాట నమ్మాలా వద్దా తేల్చడానికి జరిగిపోయిన కాలం గురించి అడిగి చూస్తామంది. అంటే జవాబు తెలియని లెక్కను, జవాబు తెలియని ఇంకో లెక్కతో దిద్దడమా? నా బుర్ర గిర్రున తిరిగింది. చాయ్ తాగి ఊరుకున్నాను.

సదయ్య అన్న మాత్రం ఇవేవీ వినలేదు. ఆ కుంచె వైపే చూస్తున్నాడు. జూహీ ఆయన్ను పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. నల్ల పళ్లెంలో వందల గవ్వలు, విరిగినవీ, పెద్దవీ, చిన్నవీ. ఆ పిల్ల అందులో నుంచి తెల్లగా, నిండుగా, ఒక్క తీరుగా ఉన్నవే కుంచెకు అంటించుకుని పక్కన పెడుతోంది.

“మిగిలినయి?” అన్నాడు.

“అవి వద్దు కాకా. ఒక్క జాతియే కావాలె, ఒక్క సైజువే. పాకిట్‌కు ముప్పై చాలు.”

“నువ్వే ఏరుతవా? చేత్తోని?”

“ఆఁ.”

సదయ్య అన్న సగం తాగిన చాయ్ అక్కడే పెట్టి, లేచి పక్కనే ఉన్న తన ఇంటికి పోయాడు. నేను ఎండ దెబ్బ అనుకున్నాను.

మరునాడు జూహీ పన్నెండు పాకిట్లు తెచ్చి నా లాబ్‌లో ఇచ్చింది. అవి ఇంకా కడగని పచ్చి మట్టి. నలభై డిగ్రీల్లో ఆరబెట్టి పెట్టమంది. అమ్మను తీసుకుని ఆరు రోజులు కరీంనగర్ పోతున్నానంది. “నా చదువంత గిండ్లనే ఉన్నది కాకా, భద్రం. మళ్ల ఓడ పోవుడు లేదు” అని సదయ్య అన్న చేతిలోనే పెట్టింది. ఆయన తల ఊపాడు. నేను ఒక బట్టీ వాడితో ఫోన్లో గొడవ పడుతున్నాను. ఆ వారమంతా నాకు ఆ గొడవే సరిపోయింది. మూడో రోజు మిల్లు తిరుగుతుంటే విన్నాను కూడా, కమాన్‌పూర్ నుంచి వచ్చిన సంచులనుకున్నాను. ఒక్కసారి లేచి చూసి ఉంటే ఈ కథే లేదు.

జూహీ తిరిగొచ్చిన రోజు బల్ల మీద పన్నెండు పాకిట్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కోదానికీ చీటీ, చీటీ మీద నంబరు, తేదీ. ఆ పిల్ల ఒకటి విప్పి వేళ్ల మధ్య రుద్ది చూసింది. మెత్తటి పిండి. ఇంకోటి విప్పింది. అదీ పిండే.

“గవ్వలు?” అంది.

“నలిపిన బిడ్డా. రెండు పాళ్లు పారేసిన, రెండు పాళ్లు ఉంచిన. ఏం ఫికర్ లేదు, మిల్లు రెండుసార్లు కడిగినంక వేసిన.”

జూహీ పాకిట్‌లోని పిండిని వేలితో అటూ ఇటూ జరుపుతూ కూర్చుండిపోయింది. నేను మాత్రం లేచాను. “ఆరబెట్టమంటే నలుగ్గొడ్తవా? నీకేమన్న మతి ఉన్నదా అన్నా? ఎవరు జెప్పిన్రు నీకు?” అని అరిచాను. ఇంకా చాలా అన్నాను. పక్క టైర్ల షాపు వాళ్లు కూడా తొంగి చూశారు.

ఆయన జవాబు మాత్రం జూహీకే చెప్పాడు. “నువ్వు ఏరుతున్నవు బిడ్డా. మంచియి మంచియి ఏరి పెడుతున్నవు. రేపు ఎవడన్న మళ్ల చూసి పట్టుకుంటె నిన్ను దొంగంటరు. నీకు ఎరుకలేక చేస్తున్నవనుకున్న. అందుకే గవ్వ, మట్టి, అన్ని కలిపి న్యాయంగ నలిపిన.”

“అది బొగ్గు కాదు కాకా!” అంటూ ఏడ్చేసింది జూహీ. “ఒక్కో జాతి ఒక్కో లోతుల బతుకుతది. అన్ని కలిపితే ఏ లోతు వేడో తెల్వదు. ఏరకపోతేనే తప్పు!”

ఏరితే తప్పని ముప్పై ఏళ్లు బతికిన మనిషికి ఏరకపోవడమే తప్పని ఒక్క నిమిషంలో చెబితే ఏమవుతుంది? నాకూ అయోమయంగానే ఉంది. ఆ పిల్లది సైన్సు, ఈయనది న్యాయం. రెండూ నిజమే అనిపిస్తుంటే నేను ఎవరి మీద అరవాలి?

కాసేపటికి ఆయన అల్మారా తెరిచి కింది అరలో నుంచి పన్నెండు చిన్న పాకిట్లు తీశాడు, మూతులు కట్టినవి. “తడి పాకిట్లు” అన్నాడు మెల్లగా. బొగ్గు పనిలో ఇదొక పద్ధతి. మిల్లులో వేస్తే తడి పోతుంది కాబట్టి, తడి ఎంతో చూడటానికి నలపకముందే కాస్త తీసి మూత బిగించి పక్కన పెడతాం. చేతి అలవాటు కొద్దీ సముద్రపు మట్టిలోనూ పాకిట్‌కు రెండు చెంచాలు తీసి పెట్టాడు. జూహీ ఆ పాకిట్లను ఎదకు పట్టుకుని ఆటో ఎక్కింది. కాకకు పోయొస్తానని చెప్పలేదు. అది నాకే గుచ్చుకుంది, ఆయనకు ఎంత గుచ్చుకుందో.

వాటిలో కొన్నింటికి పదేసి గవ్వలు దొరికాయట, ఒకదానికి మూడే. పిండిని పారేయకుండా ఇంకో లాబ్‌కు పంపుతానని గులాం అలీ భాయ్‌తో చెప్పి వెళ్లింది. సముద్రపు నాచు కూడా నీళ్ల వేడిని బట్టి కొవ్వును మార్చి తయారు చేసుకుంటుందట, ఆ కొవ్వు వేల ఏళ్లు మట్టిలో ఉంటుందట, దానికి పిండి అయినా పర్వాలేదట. భగవంతుడా, కొవ్వుకు కూడా జ్ఞాపకముంటుందా అనుకున్నాను.

సదయ్య అన్న నాలుగు రోజులు పనికి రాలేదు. కోపం ఆపుకుని నేనే పోయాను. గడప మీద కూర్చుని ఉన్నాడు. లస్మవ్వ వదిన లోపల పప్పు తాలింపు వేస్తోంది.

“బుచ్చన్న ఎరుకేనా నీకు?” అన్నాడు.

పేరు విన్నాను. నేను కంపెనీలో చేరకముందు శాంపిల్ గ్యాంగుకు పెద్దమనిషి. ఒక లారీ శాంపిల్ రెండోసారి తీసి చూస్తే మొదటి లెక్కకంటే రాళ్లు ఎక్కువ తేలి, ఆయన్ను బెల్లంపల్లిలో బొగ్గు బావి కిందికి బదిలీ చేశారని చెప్పుకునేవాళ్లు.

“ఆ లారీ నాది” అన్నాడు సదయ్య అన్న. “చేరి రెండో ఏడు. లారీ మనిషొకడు హోటల్‌ల బిర్యానీ తినిపిచ్చి, నాలుగు మెరిసే గడ్డలు ఎక్కువ వెయ్యిమన్నడు. ఏరి వేసిన. చీటీ మీద బుచ్చన్న దస్కతు ఉండె. పట్టుకున్నంక ఆయన నన్ను ఒక్క మాట అడగలె. ‘నేనే చూస్తి, రాళ్లు నా కంటికి ఆనలేదు’ అన్నడు అందరి ముంగట. నేను అప్పుడే పెండ్లి చేసుకున్న. నౌకరి పోతదని నోరు మూసుకున్న. గా దినంకెళ్లి ఈ చేతులతోని ఏది ఏర్తలేను, వీరేందర్.”

వంకాయల సంగతి అప్పుడు తెలిసింది నాకు. రేపు పనికి రా అని మాత్రం చెప్పి వచ్చేశాను.

డిసెంబర్‌లో రబియా బీకి రెండో మోకాలు. జూహీ మళ్లీ వచ్చింది. ఈసారి నేరుగా సదయ్య అన్న ఇంటికే వచ్చింది, నేనూ అక్కడే ఉన్నాను. చేతిలో కాగితాలు ఉన్నాయి. మాటల్లో బిగువు ఇంకా కొంచెం ఉంది కానీ, లస్మవ్వ వదిన ఇచ్చిన సకినాలు తింటూనే చెప్పింది. గవ్వలు మూడు డిగ్రీలు చల్లన అంటున్నాయట. నాచు కొవ్వు ఒకటిన్నర అంటోందట. కంప్యూటర్ నడుమ ఇంకేదో అంటోందట.

“ఏది నిజం మరి?” అన్నాడు సదయ్య అన్న.

“తెల్వది కాకా.”

“తెల్వది అంటె? మా దగ్గర రెండు లాబ్‌లు కొట్లాడితె దాచిపెట్టిన మూడో పాకిట్ విప్పుతం. మూడోది చెప్పిందే ఖాయం.”

“మాకు ఖాయం చెప్పేటోడు లేడు. మూడూ తలా కొంచెం తప్పుతయి. ఎంత తప్పుతయో రాయాలె, గంతే. నీ చేతిల పడ్డ పన్నెండిట్ల గవ్వలు తక్కువ కాబట్టి తప్పు ఎక్కువని రాసిన.”

ఇంత చదువు చదివి తెల్వదు అనడానికి ఈ పిల్లకు సిగ్గు లేదే అని ఆశ్చర్యపోయాను. నేను మాత్రం బట్టీ వాడికి ఏ రోజూ తెల్వదని రాసివ్వలేదు.

అప్పుడు జూహీ అసలు సంగతికి వచ్చింది. కొవ్వు చూసిన లాబ్ వాళ్లు ఆ పన్నెండు పాకిట్ల పిండిలో బొగ్గు ఉందన్నారట. బంగాళాఖాతం మంచు యుగంలోకి బొగ్గు ఎట్లా వచ్చిందని అడిగారట. నా మిల్లు రెండుసార్లు కడిగితే పోయే మిల్లు కాదు మరి. నవ్వొచ్చింది కానీ ఎవరూ నవ్వలేదని ఆపుకున్నాను. కారణం తన డాక్టరేట్ పుస్తకంలో రాసి తీరాలట.

“పొరపాటున బొగ్గు కలిసిందని రాస్తున్న. ఎవల పేరూ రాస్తలేను. నువ్వేం ఫికర్ చెయ్యకు కాకా.” ఆ మాట అంటున్నప్పుడు ఆ పిల్ల గొంతు మెత్తబడింది. ఆయన్ను కాపాడదామనే వచ్చింది.

సదయ్య అన్న లేచి నిలబడ్డాడు. “అట్ల రాయకు.”

“ఎందుకు?”

“పొరపాటున అంటె నువ్వు చేసినవనుకుంటరు. పుస్తకం మీద పేరు నీదాయె. నలిపింది నేను. నా పేరు రాయి.”

“నవ్వుతరు కాకా, ఎవలీ సదయ్య అని అడుగుతరు.”

“అడగనీ. గోదావరిఖనిల బొగ్గు శాంపిల్ మజ్దూరు, చెప్పింది ఇనకుంట నలిపిండు అని రాయి. దస్కతు కావాల్నంటె చేస్త.”

జూహీ నా వైపు చూసింది. నేను గోడ మీది క్యాలెండర్ వైపు చూశాను. చివరికి జూహీ పెన్ను తీసి, కాగితాల్లో ఆ సంగతి ఉన్న పేజీ అడుగున రాసి, తెలుగులో చదివి వినిపించింది. ఆయన రెండుసార్లు చదివించుకున్నాడు. ఆ పేజీ ఒకటి జిరాక్స్ తీయించి ఇమ్మని అడిగి, మడిచి జేబులో పెట్టుకున్నాడు. “ఆదివారం నాతోని బెల్లంపల్లి దాక వస్తవా?” అన్నాడు నాతో.

బుచ్చన్న ఇల్లు బెల్లంపల్లి పాత బజారులో, ఒక చిన్న కిరాణం వెనక. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, సోడాబుడ్డి అద్దాలు పెట్టుకుని ముంగిట్లో కుర్చీలో ఉన్నాడు. సదయ్య అన్నను పోల్చుకోవడానికి చాలాసేపు పట్టింది. పోల్చుకున్నాక మాత్రం చేయి పట్టుకుని వదల్లేదు. సదయ్య అన్న ఆ కాగితం తీసి ఆయన ఒళ్లో పెట్టాడు. ఇంగ్లీషు కాగితం, ఇద్దరికీ రాదు. నేను చదివి చెప్పబోయాను.

“నువ్వుండు” అని నన్ను ఆపి, తనే నేల మీద కూర్చున్నాడు. బిర్యానీ, లారీ, నాలుగు గడ్డలు, దస్కతు, అన్నీ చెప్పాడు. సముద్రం సంగతి కూడా చెప్పాడు కానీ అది చాలా గందరగోళంగా చెప్పాడు. గవ్వలు ఏరాలట, బొగ్గు ఏరొద్దట అంటూ మధ్యలో ఏడ్చాడు. “తప్పు నాదే అన్నా. ఈ కాగితం మీద నా తప్పుకు నా పేరే ఉన్నది. నీ చీటీ మీద మాత్రం ముప్పై ఏండ్ల సంది నీ పేరే ఉండిపోయె.”

బుచ్చన్న తిడతాడనుకున్నాను. కనీసం చేయి వదిలేస్తాడనుకున్నాను. ఆయన కాగితాన్ని ముఖానికి దగ్గరగా తెచ్చుకుని చూశాడు, దూరంగా పెట్టి చూశాడు. తర్వాత అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

“రాళ్లు నాకు కనపడలేదనుకున్న రా” అన్నాడు. “కండ్లు పోయినయనుకున్న. అందుకే గ్యాంగుకు మళ్ల రానని నేనే రాసిచ్చిన. బావి కింద కూడ చీకట్ల ప్రతి రాయిని తడిమి తడిమి చూసేది, నా కంటి మీద నాకు నమ్మకం లేక. ఎన్ని అద్దాలు మార్చిన్నో మా ఇంటిదాన్ని అడుగు.”



బుచ్చన్న ఆ చేతిలో అద్దాలు అట్లాగే పట్టుకుని, వంగి, చాలా మెల్లగా అడిగాడు.

“అంటే, అప్పుడు నా కండ్లు మంచిగనే ఉండెనా సదయ్యా?”